అమ్ములపొది నుంచి కిట్ బ్యాగు దాకా

ఆదివాసీ సంఘాల జెండాల మీద, క్యాలెండర్ల మీద, ఆగస్టు 9న ఊరూరా కట్టే ఫ్లెక్సీల మీద విల్లంబుల బొమ్మ తప్పకుండా ఉంటుంది. సభల్లో మాట్లాడే పెద్దలు "గిరిజన పిల్లలకు విలువిద్య రక్తంలోనే ఉంది" అని తప్పకుండా అంటారు. మనం చప్పట్లు కొడతాం. వినడానికి బాగానే ఉంటుంది.

హాస్టల్లో పిల్లలను చదివిస్తూ, పోటీలకు పంపుతూ ఉండే మేము ఆ మాట దగ్గర కొంచెం ఆగి ఆలోచించమని అడుగుతున్నాం. పుట్టుకతోనే అన్నీ వచ్చేస్తే ఇక నేర్పడం ఎందుకు, సామాను కొనివ్వడం ఎందుకు అని ఎదుటివాళ్లు అనుకోవడానికి ఆ పొగడ్తే దారి ఇస్తుంది. మన పెద్దలకు గురి ఊరికే రాలేదు. విల్లు చేసుకోవడం, బాణాలు సరిచూసుకోవడం, చెడకుండా దాచుకోవడం, అడవి దారుల్లో జాగ్రత్తగా మోసుకెళ్లడం వాళ్లు తరతరాలుగా నేర్చుకుని, పిల్లలకు నేర్పారు. ఆ మోత కథే ఈ వ్యాసం. మన చరిత్రలో ఎక్కువమంది రాయని భాగం ఇది.

పెద్దలు విల్లును ఎలా చూసుకున్నారు

వెదురు విల్లుకు వెదురే ప్రాణం. ముదిరిన వెదురు నరికి, చీల్చి, చెక్కి, నిదానంగా ఆరబెట్టి విల్లు చేసేవారు. అల్లెతాడుకు వెదురు బద్ద గానీ, నార గానీ వాడేవారు. బాణపు కర్రను నిప్పుసెగకు చూపి వంకరలు తీసేవారు. వెనక పక్షి ఈకలు కట్టేవారు. పెద్ద జంతువుకు ఇనుప ములికి, పిట్టకు మొద్దు ములికి. పనిని బట్టి బాణం.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. పక్షికి కుడి రెక్క ఈక ఒక వైపు ఒంగితే, ఎడమ రెక్క ఈక రెండో వైపు ఒంగుతుంది. ఒక బాణానికి కట్టే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవైతేనే బాణం గాలిలో సమంగా తిరుగుతూ తిన్నగా పోతుంది. రెండూ కలిపి కడితే ఎంత మంచి విలుకాడైనా గురి తప్పుతాడు. గురి అనేది కంటితో పాటు చేతిపనిలో కూడా ఉందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పని అయిపోయాక తాడు దించేయడం మరో నియమం. ఎప్పుడూ తాడు బిగించి ఉంచిన విల్లు ఆ ఒంపుకే అలవాటు పడిపోయి బలం పోగొట్టుకుంటుంది. బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. బాణానికి పోవాల్సిన బలమంతా విల్లులోనే మిగిలి దాన్ని పగలగొడుతుంది. వానలో తడిసిన తాడు సాగుతుంది, తడిసిన ఈక అణిగిపోతుంది. అందుకే విల్లుకు, బాణాలకు ఇంట్లో పొడి చోటు ఉండాలి. ఇవన్నీ పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతులు కావు.

ఈ జాగ్రత్త మన ఒక్కరిదే కాదు. మహాభారతం విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లేముందు ఆయుధాలను జమ్మి చెట్టు మీద దాచిన కథ దసరా రోజున ప్రతి ఊళ్లో చెబుతారు. ఆ కథలో వాళ్లు ముందు విళ్లకు తాళ్లు దించి, ఆ తర్వాతే మూటగట్టి, వాన పడని కొమ్మల్లో పెడతారు. కథ కట్టినవాళ్లకు విల్లు సంగతి బాగా తెలుసు. ఏకలవ్యుడి బొటనవేలు గుర్తున్నంతగా ఈ మూట మనకు గుర్తుండదు.

విల్లు ఆయుధమైన కాలం

అడవి దారిలో విల్లు భుజాన వేసుకుని నడవడం ఒకప్పుడు గొడ్డలి పట్టుకుని నడవడం లాంటిదే. ఎవరూ అడిగేవారు కాదు. బ్రిటిషువాళ్లు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. ఆ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పే వాక్యంలోనే తుపాకులు, కత్తులు, ఈటెలతో పాటు విల్లంబుల పేరు కూడా రాశారు. మన ఇంట్లో పనిముట్టు సర్కారు కాగితంలో ఆయుధమైంది. ఆ మరుసటి ఏడాదే, 1879లో, కల్లు పన్నులు, దొరల దోపిడీ భరించలేక రంప కొండలు తిరగబడ్డాయి.

అడవి మీద కూడా చట్టాలు వచ్చాయి. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో చేర్చింది. విల్లుకు కావలసిన వెదురు ఎదురుగా పెరుగుతున్నా, నరకాలంటే ఒకరిని అడగాల్సిన రోజులు వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించుకునే హక్కును గుర్తించేదాకా మన తాతలు, తండ్రులు ఎన్ని మాటలు పడ్డారో మీ ఇళ్లల్లో అడిగి తెలుసుకోండి.

1922 సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వారి అనుచరులు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికి వచ్చాయి. సినిమాల్లో ఇది సాహసంగానే కనిపిస్తుంది. మేము పిల్లలకు చెప్పేటప్పుడు ఇంకో సంగతి కూడా చూడమంటాం. వాళ్లకు గురి ఉంది, ధైర్యం ఉంది, అడవి దారులు తెలుసు. అవతలివాళ్ల చేతిలో తుపాకులున్నాయి కాబట్టి అవి మాత్రమే చాలవని కూడా వాళ్లకు తెలుసు. అందుకే ముందు సరంజామా సమకూర్చుకున్నారు. అంత బరువును, రోడ్లు లేని కొండల్లో, వానాకాలంలో, తడవకుండా, దొరక్కుండా మోశారు. ఆ మోసినవాళ్లలో చాలామంది పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

1972: ఒక దారి మూసుకుంది, ఒక దారి తెరుచుకుంది

స్వాతంత్ర్యం వచ్చాక కూడా విల్లు కొన్నాళ్లు వేటలో నిలిచింది. విశాఖ మన్యంలో చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు వెళ్లేవారు. ఉత్త చేతులతో తిరిగి వస్తే ఆడవాళ్లు ఆటపట్టించేవారు. 1972 సెప్టెంబరులో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. అడవి జంతువులు మిగలాలంటే ఆ చట్టం కావలసిందే. మనం ఆ మాట కాదనం. అయితే విల్లుకు ఇంట్లో ఉన్న పని ఆ దెబ్బతో పోయింది. పండక్కి, నాట్యానికి, ఫొటోకి మిగిలింది.

సరిగ్గా అదే సెప్టెంబరులో, జర్మనీలోని మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో విలువిద్య పోటీలు జరిగాయి. 1920 తర్వాత ఒలింపిక్స్‌లో విల్లు కనిపించడం అదే మొదలు. మరుసటి ఏడాది 1973లో మన దేశంలో భారత ఆర్చరీ సంఘం ఏర్పడింది. ఇక్కడ వేట విల్లు అటకెక్కిన రోజుల్లోనే అక్కడ గురి విల్లు మళ్లీ పోటీకి దిగింది. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ మన పిల్లలకు మాత్రం రెండూ కలిపి చెప్పాలి.

అయితే ఆ గురి విల్లు మన విల్లు కాదు. 1939లో అమెరికాలో డగ్ ఈస్టన్ అల్యూమినియం బాణాలు తయారు చేశాడు. కర్ర బాణాల్లో ఒకటి బరువు, ఒకటి తేలిక. లోహపు బాణాలు అన్నీ ఒకే తీరుగా వచ్చాయి. తర్వాత కార్బన్ బాణాలు వచ్చాయి. 1969లో హాలెస్ విల్బర్ అలెన్ అనే అమెరికన్‌కు చక్రాల సాయంతో పనిచేసే కాంపౌండ్ విల్లు మీద పేటెంటు దక్కింది. ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లు ముక్కలుగా విడిపోతుంది. చేత్తో పట్టుకునే నడిమి భాగాన్ని రైజర్ అంటారు, పైనా కిందా బిగించే రెండు రెక్కలను లింబ్స్ అంటారు. తాడు విడిగా, గురి చూసే సైట్ విడిగా, ఊగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీలు విడిగా ఉంటాయి. భుజాన వేసుకునే విల్లు పెట్టెలో పట్టే సామానైంది.

రాజస్థాన్, జార్ఖండ్ పిల్లలు నడిచిన దారి

1980ల చివర్లో భారత క్రీడా ప్రాధికార సంస్థ స్పెషల్ ఏరియా గేమ్స్ పేరుతో గిరిజన, మారుమూల ప్రాంతాల్లో పిల్లలను వెతికింది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా నుంచి లింబారాం అనే అబ్బాయి అలా దొరికాడు. అహారీ తెగ పిల్లవాడు, వెదురు విల్లుతో పెరిగినవాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో భారతదేశం మొదటిసారి విలువిద్యలో పాల్గొన్నప్పుడు ఆ ముగ్గురి జట్టులో లింబారాం, రాజస్థాన్‌కే చెందిన మరో గిరిజన యువకుడు శ్యాంలాల్ మీనా ఉన్నారు. లింబారాంకు 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ వచ్చాయి.

జంషెడ్‌పూర్‌లో 1996లో టాటా ఆర్చరీ అకాడమీ మొదలైంది. జార్ఖండ్ పల్లెల పిల్లలకు అది వసతి, తిండి, చదువు, విల్లు అన్నీ ఒక్కచోట ఇచ్చింది. ఘాట్‌శిల దగ్గరి సంతాల్ కుటుంబంలో పుట్టిన లక్ష్మీరాణి మాఝీ 2015లో కోపెన్‌హాగెన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దీపికా కుమారి, రిమిల్ బురియులీలతో కలిసి జట్టు విభాగంలో వెండి పతకం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడింది. మన ప్రాంతంలో వేట విల్లు మగవాళ్ల చేతిదే. ఈనాటి గురి విల్లు ఆడపిల్ల చేతిలోనూ అంతే ఒద్దికగా ఒదుగుతుంది. మన తెలుగు గడ్డ మీద విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చింది.

ఈ పేర్లు చదివి "అందరికీ పుట్టుకతోనే వచ్చింది" అనకండి. వాళ్లందరి వెనకా సామాను ఉంది, శిక్షణ ఉంది, ఆ సామానును రైళ్లలో, విమానాల్లో మోసిన శ్రమ ఉంది. మన దేశంలో వెదురు విల్లు, కర్ర బాణాలతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. అది మన పిల్లలకు మంచి మెట్టు. కానీ ఒలింపిక్స్‌లో అది లేదు. వెదురు విల్లు నుంచి రికర్వ్‌కు మారే చోటే చాలామంది ఆగిపోతారు. అంతర్జాతీయ స్థాయి రికర్వ్ సెట్టు లక్షల్లో ఉంటుంది. హాస్టళ్లలో ఒక విల్లును ముగ్గురు పిల్లలు పంచుకుంటారు. ఒకరి చేయి పొడవు, ఒకరి పొట్టి. ఒకరి బలం ఎక్కువ, ఒకరిది తక్కువ. ఒకరికి సరిచేసిన సైట్‌ను ఇంకొకరు మార్చాలి. పిల్లకు కన్ను ఉన్నా విల్లు తనది కాకపోతే గురి నిలవదు.

ఒక డిగ్రీ లెక్క

గణితం చదివే పిల్లలు ఈ లెక్క చేసి చూడండి. రికర్వ్ పోటీలో దూరం 70 మీటర్లు. గురి పలక అడ్డంగా 122 సెంటీమీటర్లు. బాణం దిశ ఒక డిగ్రీ తప్పితే 70 మీటర్ల దగ్గర ఎంత పక్కకు పోతుంది? దాదాపు 122 సెంటీమీటర్లు. నడిమధ్య నుంచి పలక అంచు 61 సెంటీమీటర్లే కాబట్టి, ఒక డిగ్రీ తప్పిన బాణం పలకకే తగలదు. పది పాయింట్ల గుండ్రం వెడల్పు 12.2 సెంటీమీటర్లు. అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు మించి తప్పకూడదు. ర్యాంకింగ్ రౌండ్‌లో ఇలా 72 సార్లు చేయాలి.

ఇంత సన్నని లెక్కలో బస్సు కుదుపుకు సైట్ మర ఒక చుట్టు తిరిగితే చాలు. తాడు మీద బాణం కూర్చునే గుర్తు రెండు మిల్లీమీటర్లు జారితే చాలు. ఒక బాణం రెక్క ఊడితే చాలు. పిల్ల నెలల తరబడి చేసిన సాధన అక్కడ కనిపించదు, స్కోరు మాత్రమే కనిపిస్తుంది. చూసేవాళ్లు "భయపడింది" అంటారు. నిజానికి సామాను సర్దిన రోజే పోటీ సగం మొదలైంది.

ప్రయాణంలో పాటించాల్సినవి

మా పిల్లలకు మేము చెప్పే పద్ధతి ఇది. ఎవరి బ్యాగు వారే సర్దాలి, పక్కవారు సరిచూడాలి. వస్తువుల పట్టీ కాగితం మీద రాసి బ్యాగు మూతకు లోపల అతికించాలి. సర్దేటప్పుడు ఒకసారి, మైదానం దగ్గర ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి దాని ప్రకారం లెక్క చూడాలి.

తాడు దించి, విల్లు విప్పాలి. పాత నియమమే, కొత్త విల్లు. లింబ్స్‌ను విడివిడిగా మెత్తని గుడ్డ సంచిలో పెట్టాలి. సైట్‌ను ఏ అంకె మీద ఉందో నోటుపుస్తకంలో రాసుకున్నాకే విప్పాలి. బాణాలను గొట్టం లాంటి పెట్టెలో, రెక్కలు నలగకుండా పెట్టాలి. ప్రతి బాణం మీద పేరు గానీ పొడి అక్షరాలు గానీ ఉండాలి. ఇది ప్రపంచ ఆర్చరీ సంఘం నియమం కూడా. పోటీకి ముందు సామాను తనిఖీ ఉంటుంది. అక్కడ గుర్తులేని బాణం చూసి ఆపితే గురి గురించి మాట్లాడే అవకాశమే రాదు.

అదనపు తాడు తప్పనిసరి. ఆ తాడుతో ముందే కొన్ని బాణాలు వేసి సరిచూసి ఉండాలి. కొత్త తాడు పోటీ మధ్యలో సాగుతుంది. మరలు బిగించే ఎల్ ఆకారపు తాళంచెవులు, తాడుకు రాసే మైనం, బాణం వెనక గాడి ముక్కలు, రెక్కలు అతికించే జిగురు, చిన్న కత్తెర ఒక డబ్బాలో ఉంచాలి. వేళ్లకు తొడిగే ట్యాబ్, ముంజేతి కాపు, నోటుపుస్తకం చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఆలస్యంగా వచ్చినా విల్లు ఎవరైనా అరువిస్తారు, మీ వేళ్లకు అలవాటైన ట్యాబ్ ఎవరూ ఇవ్వలేరు.

ఆర్టీసీ బస్సు డిక్కీలో పసుపు బస్తాల కింద విల్లు పెట్టకండి. ఇంజను వేడికి దగ్గరగా పెట్టకండి. ఎండలో ఆగిన వాహనంలో గంటల తరబడి వదలకండి. రైల్లో పై బెర్తు మీద, తలగడ వైపు పెట్టుకోండి. విమానంలో విల్లు, బాణాలు క్యాబిన్‌లోకి అనుమతించరు, చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. కాబట్టి గట్టి పెట్టె కావాలి. దిగాక కార్బన్ బాణాలను ఒక్కొక్కటి మెల్లగా వంచి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. పగిలిన బాణం తాడు వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగుతుంది.

ఇంకో జాగ్రత్త మన పిల్లలకు ప్రత్యేకం. పట్నం పిల్లల భుజాన ఆ బ్యాగు ఉంటే క్రీడాకారులు అంటారు. మన పిల్లల భుజాన ఉంటే దారిలో ఆపి, విప్పించి, పది ప్రశ్నలు అడిగేవాళ్లు ఉన్నారు. 1878 నాటి చూపు ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటప్పుడు తగువు పడవద్దు, బెదరవద్దు. గుర్తింపు కార్డు, పోటీ పిలుపు కాగితం, హాస్టల్ నుంచి ఇచ్చిన లేఖ ప్లాస్టిక్ కవరులో పెట్టి బ్యాగు పై జేబులో ఉంచండి. నిలబడి, మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. ఆ కాగితాలు కూడా మీ సరంజామాలో భాగమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ

మీ ఊళ్లో విల్లు చేయడం తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. వెదురు ఏది ఎంచుకుంటారో, ఎలా ఆరబెడతారో, ఈక ఎలా కడతారో, ఎక్కడ దాస్తారో అడిగి రాసుకోండి, ఫోన్లో వీడియో తీయండి. వేట కోసం కాదు. ఆ చేతుల్లో ఉన్న లెక్క పోకుండా ఉండటానికి. మన సంఘం సంచికల్లో పాటలు, నృత్యాలు వస్తున్నాయి. ఈ పని విద్య కూడా రావాలి.

సంఘం పెద్దలకూ ఒక మనవి. ఈసారి వేదిక మీద "రక్తంలోనే ఉంది" అనే మాట వినబడితే చప్పట్లు కొట్టండి, తర్వాత అడగండి: మా పిల్లలకు ఎన్ని విళ్లు ఇస్తున్నారు? ఎవరి కొలతకు వారిదేనా? పాడైతే బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారు? పోటీకి వెళ్లే పిల్లకు గట్టి పెట్టె ఉందా? రంప వీరులు గురి ఉందని ఊరుకోలేదు, సరంజామా సంపాదించారు. వాళ్లు కొండల మీద రహస్యంగా మోశారు. మన పిల్లలు పేరు రాసిన బ్యాగుతో, పగటి వెలుగులో, తలెత్తుకుని మోయాలి.